గీత ఎక్కడ గీయాలి: పందుల వైరస్‌ల వర్గీకరణపై సంవాదం

పందులకు సోకే వైరస్‌లను జన్యుక్రమం ఆధారంగా వర్గీకరించడం గత మూడు దశాబ్దాలలో పశువైద్య పరిశోధనకు నిత్యకృత్యంగా మారింది. వైరస్‌లోని డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ పోగులో నాలుగు రకాల క్షారాలు ఏ వరుసలో కూర్చబడి ఉన్నాయో ఆ వరుసనే జన్యుక్రమం అంటారు. దానిని యంత్రంతో చదివి, ఇతర ప్రాంతాలలో దొరికిన వైరస్‌ల వరుసలతో పోల్చి, తేడాలను లెక్కగట్టి, దగ్గరివాటిని ఒక కొమ్మకూ దూరపువాటిని మరో కొమ్మకూ చేర్చితే వంశవృక్షం తయారవుతుంది. ఆ వృక్షం మీద ఏ చోట గీత గీసి ఒక రకాన్ని మరో రకం నుంచి వేరుచేయాలన్న దగ్గర శాస్త్రజ్ఞులకే ఏకాభిప్రాయం కుదరలేదు. ఊళ్లలో పనిచేసే పశువైద్యులకైతే ఆ గీత వల్ల చచ్చే పంది బతుకుతుందా అన్న సందేహం బలంగానే ఉంది.

ఈ వాదానికి సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం తగిన వేదిక. పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం, కాజిపల్లి చుట్టుపక్కల కంపెనీ క్యాంటీన్లు, హోటళ్లు, వలస కూలీల బస్తీలు పెరిగినకొద్దీ మిగిలిపోయే అన్నమూ ఎంగిలి కూరలూ పెరిగాయి. పందుల పెంపకాన్నీ బుట్టల అల్లికనూ తరతరాలుగా నమ్ముకున్న ఎరుకల కుటుంబాలకు పట్టణాల అంచుల్లో దొరికే ఇటువంటి మిగులే మేతకు ఆధారం. అదే పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది; అక్కడి శాస్త్రవేత్తల నాయకత్వంలో సిద్ధమైన కంది పంట జన్యుక్రమం 2011లో వెలువడింది. జన్యువులను చదివే విద్య ఈ నేలకు కొత్త కాదు కానీ, ఆ విద్య పంది దొడ్డి దాకా వచ్చినప్పుడు ఎవరికి ఉపయోగపడాలన్నది ఇక్కడి ప్రశ్న.

రెండు పక్షాలనూ ఇద్దరు వక్తలుగా నిలిపితే వాదం స్పష్టపడుతుంది. ఒకరు వైరస్‌ల జన్యుక్రమాలను చదివి వర్గీకరించే పరిశోధకురాలు. మరొకరు ఈ ప్రాంతంలోనే ఒక మండల పశువైద్యశాల బాధ్యత చూసే పశువైద్యుడు. ఇద్దరికీ పందుల మీదా వాటిని పెంచేవారి మీదా శ్రద్ధ ఉంది. భేదమంతా ఏది ముందు, ఏది తరువాత అన్న దగ్గర వస్తుంది.

పశువైద్యుడు: మేడమ్, మొదటి అభ్యంతరం చాలా సూటిది. ఒక దొడ్డిలో పందులకు తీవ్రమైన జ్వరం వచ్చి, మేత మానేసి, చెవులూ పొట్టా ఎర్రబడి నీలం తిరిగి చచ్చిపోతున్నాయనుకుందాం. అది ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అని తేలితే, వైరస్ ఏ రకానిదైనా 2020 నాటి జాతీయ కార్యాచరణ ప్రణాళిక చేయమనే పని ఒక్కటే: వ్యాధి బయటపడిన చోటు నుంచి 1 కిలోమీటరు లోపలి పందులను వధించాలి, 10 కిలోమీటర్ల దాకా నిఘా పెట్టాలి. క్లాసికల్ స్వైన్ ఫీవర్ అని తేలితే, ఉపరకం 1.1 అయినా 2.2 అయినా వేసే టీకా ఒక్కటే. చేయవలసిన పని మారనప్పుడు పేరులో అన్ని అంకెలు ఎందుకు చేర్చాలి?

పరిశోధకురాలు: డాక్టర్ గారూ, మీరు చెప్పిన ఆ రెండు వ్యాధులే మొదటి సమాధానం. కంటికి కనిపించే లక్షణాలలో అవి అంతగా కలిసిపోతాయి కాబట్టే ఒకే పేరు పంచుకున్నాయి. జన్యుపరంగా మాత్రం వాటికి ఏ బంధుత్వమూ లేదు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్‌లో ఉన్నది 1,70,000 నుంచి 1,93,000 దాకా క్షార జతలు గల రెండు పోగుల డీఎన్‌ఏ. క్లాసికల్ స్వైన్ ఫీవర్ వైరస్‌లో ఉన్నది దాదాపు 12,300 క్షారాల ఒంటి పోగు ఆర్‌ఎన్‌ఏ. క్లాసికల్ స్వైన్ ఫీవర్‌కు మన దేశంలో చాలాకాలంగా టీకా ఉంది, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కు లేదు. మొదటి గీత ఇక్కడే గీయాలి, లక్షణాలు గీయలేని ఆ గీతను జన్యువు గీస్తుంది.

పశువైద్యుడు: ఆ గీతకు పీసీఆర్ చాలు. వైరస్ జన్యువులో ముందే ఎంచుకున్న చిన్న ముక్కను కోట్ల రెట్లు పెంచి, అది నమూనాలో ఉందో లేదో చెప్పే పరీక్ష అది. కొన్ని గంటలలో తేలుతుంది. జన్యుక్రమం చదవవలసిన అవసరం ఎక్కడ వచ్చింది?

పరిశోధకురాలు: పీసీఆర్ అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. వెతుకుతున్న వైరస్ లేదని చెబుతుంది తప్ప, పందిని చంపింది మరేమిటో చెప్పదు. పంది సర్కోవైరస్‌ల చరిత్ర దీనికి ఉదాహరణ. మొదటిది 1974లో ప్రయోగశాలలో పెంచే పంది మూత్రపిండ కణాలలో దొరికింది, దాని వల్ల జబ్బు రాదు. రెండవది 1990లలో పందిపిల్లలను చిక్కిపోయేలా చేసే వ్యాధితో వెలుగులోకి వచ్చింది. మూడవది 2016లో అమెరికాలో బయటపడింది. ఏ వైరస్ ఉందో ముందుగా ఊహించకుండా నమూనాలోని జన్యుపదార్థాన్నంతా చదివే పద్ధతి వల్లనే ఆ మూడవది దొరికింది. ఆ పద్ధతి ఈ జిల్లాకు అపరిచితం కూడా కాదు. కాజిపల్లి చెరువు మట్టిలోని జన్యుపదార్థాన్ని అదే విధంగా చదివిన స్వీడన్ పరిశోధకులు, యాంటీబయాటిక్‌లకు లొంగకుండా సూక్ష్మజీవులను కాపాడే జన్యువులు అందులో 81 రకాలు ఉన్నాయని 2014లో ప్రకటించారు. పోలిక కోసం తీసుకున్న స్వీడన్ చెరువులో దొరికినవి 8 మాత్రమే. మందుల పరిశ్రమల వ్యర్థజలాలు ఈ నేలకు ఏం చేశాయో ఆ పఠనం చెప్పినంత సూటిగా అంతకుముందు ఎవరూ చెప్పలేకపోయారు.

పశువైద్యుడు: చెప్పడం వేరు, చెరువు బాగుపడడం వేరు. మట్టి ఇక్కడిది, పరిశోధన అక్కడిది, బాధ ఇక్కడివారిది. పందుల విషయంలోనూ అదే జరుగుతుందేమోనన్నదే భయం.

ఈ భయం తోసిపుచ్చదగినది కాదు. జన్యుక్రమ పఠనాన్ని సమర్థించేవారు సాధారణంగా దానిని ఖర్చుకు సంబంధించిన సందేహంగా తీసుకుని, యంత్రాలు చౌకవుతున్నాయని సమాధానం చెబుతారు. 1977లో ఫ్రెడరిక్ సాంగర్ రూపొందించిన పద్ధతిలో ఒక్కో ముక్కనూ విడిగా చదవవలసి ఉండగా, ఇప్పుడు అరచేతిలో ఇమిడే నానోపోర్ పరికరాలు పొడవైన పోగులను ఏకబిగిన చదువుతున్నాయి. అయినా పశువైద్యుడు అడుగుతున్నది ధర గురించి కాదు, ఫలితం ఎవరి చేతికి ఎప్పుడు అందుతుందన్నదాని గురించి. ఆ ప్రశ్న చివరిదాకా ఈ సంవాదాన్ని వదలదు.

పరిశోధకురాలు: వ్యాధి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే ఎక్కడ ఆపాలో తెలియదు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌ను మొదటిసారి 1921లో కెన్యాలో మాంట్‌గోమరీ వర్ణించాడు. 2007లో అది నల్లసముద్రం ఒడ్డున జార్జియా దేశంలో హఠాత్తుగా కనిపించినప్పుడు, పైపొరలోని పి72 అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు చివరి భాగాన్ని చదివి, అది జన్యురూపం 2 అనీ, మొజాంబిక్, మడగాస్కర్, జాంబియా వైరస్‌లకు దగ్గరి చుట్టమనీ తేల్చారు. ఒక వంశానికి చెందిన వైరస్‌ల గుంపును జన్యురూపం అంటారు. అంతకుముందు నుంచీ సార్డీనియా దీవిలో ఉన్నది జన్యురూపం 1. కాబట్టి ఐరోపాలోని పాత వైరస్ పాకలేదనీ, ఆగ్నేయ ఆఫ్రికా నుంచి కొత్తది వచ్చిందనీ రుజువైంది. ఓడల్లో మిగిలిన ఆహారం పందులకు మేతగా వెళ్లడమే దారి అయి ఉంటుందన్న అనుమానం అక్కడి నుంచే బలపడింది. అదే వంశం 2018 ఆగస్టులో చైనాలో, 2020లో మన అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడింది. భోపాల్‌లోని జాతీయ ఉన్నత భద్రతా పశువ్యాధుల సంస్థ దానిని నిర్ధారించింది. 2022 జూలైలో కేరళలోని వయనాడ్‌లోనూ అదే వ్యాధి తేలింది.

పశువైద్యుడు: మీ వాదంలో బలహీనమైన చోటు అదే మేడమ్. పి72 జన్యువులో మీరు చదివే ముక్క 478 క్షారాలు. వైరస్ మొత్తం దాదాపు 1,90,000. అస్సాం పందినీ వయనాడ్ పందినీ చంపినది జన్యురూపం 2 అని చెబితే, రేపు పటాన్‌చెరులో దొరికేదానికీ అదే పేరు పెడతారు. గోత్రం తెలిసినంత మాత్రాన ఇల్లు తెలియదు కదా. లారీలో వచ్చిన పంది ఏ రాష్ట్రం నుంచి వచ్చిందో, లేక హోటల్ ఎంగిలిలో కలిసిన మాంసం ద్వారా వచ్చిందో ఆ 478 క్షారాలు చెప్పగలవా?

పరిశోధకురాలు: చెప్పలేవు, ఆ మాట ఒప్పుకోవలసిందే. ఈ వైరస్ డీఎన్‌ఏ నెమ్మదిగా మారుతుంది. ఒకే వంశం ఖండాలు దాటినా ఆ ముక్కలో తేడా కనిపించదు. అందువల్లనే ఐ73ఆర్, ఐ329ఎల్ అనే రెండు జన్యువుల నడుమ ఉన్న ఖాళీ భాగాన్ని అదనంగా చదువుతారు. అక్కడ పది క్షారాల చిన్న వరుస ఒకటి కొన్ని వైరస్‌లలో ఎక్కువసార్లు, కొన్నింటిలో తక్కువసార్లు పునరావృతమవుతుంది. దాని వల్ల ఒకే జన్యురూపం లోపల కొన్ని ఉపశాఖలు విడివడతాయి. అదీ చాలనప్పుడు మొత్తం జన్యుక్రమాన్ని చదవడం తప్ప దారి లేదు.

పశువైద్యుడు: ఆ ముక్క మీద కట్టిన పేర్లు కూడా నిలకడగా లేవు. నిన్నటిదాకా 24 జన్యురూపాలు అన్నారు. 2023లో అమెరికా పరిశోధకులు పి72 ప్రోటీన్ మొత్తాన్ని పరిశీలించి నిజానికి ఆరే ఉన్నాయన్నారు. ఇరవైనాలుగు ఆరైతే, మిగిలిన పద్దెనిమిదింటి మీద రాసిన పరిశోధన పత్రాల సంగతేమిటి? క్షేత్రంలో ఉన్నవాడు ఏ పట్టికను నమ్మాలి?

పరిశోధకురాలు: తేడా ఎక్కడ వచ్చిందో చూడండి. పాత లెక్కలో ఒకటి రెండు క్షారాల భేదాన్ని, కొన్నిచోట్ల చదవడంలో దొర్లిన పొరపాట్లను కూడా కొత్త రకంగా లెక్కవేశారు. కొత్త లెక్కలో ప్రోటీన్‌లో నిజంగా మార్పు తెచ్చే భేదాలకే విలువ ఇచ్చారు. వైరస్‌ల నామకరణాన్ని చూసే అంతర్జాతీయ సంఘం జాతి వరకే నిర్ణయిస్తుంది, ఆ కింది జన్యురూపాలూ ఉపరకాలూ దాని అధికారంలో లేవు. కనుక ఆ కింది గీతలన్నీ పరిశోధకుల ఒప్పందాలే. ఒప్పందాన్ని సవరించడం శాస్త్రానికి లోపం కాదు; ఏ కొలతతో గీశారో చెప్పకుండా గీయడమే లోపం.

ఈ విషయంలో పరిశోధకురాలి మాట సరైనదే అయినా, పశువైద్యుడి ఆక్షేపణలో మరింత లోతైన అంశం ఉంది, దానిని 2023లోనే వెలువడిన మరో పరిశోధన బయటపెట్టింది. చైనాలోని జియాంగ్సూ, హెనాన్, ఇన్నర్ మంగోలియా ప్రాంతాల పందులలో జన్యురూపం 1, జన్యురూపం 2 కలిసిపోయిన వైరస్‌లు దొరికాయి; రెండు రకాలు ఒకే పందిలో చేరినప్పుడు జన్యు భాగాలను ఇచ్చిపుచ్చుకోవడాన్ని పునస్సంయోగం అంటారు. ఆ వైరస్‌ల జన్యుపదార్థంలో సగానికి పైగా, 56 శాతం, జన్యురూపం 1 నుంచి వచ్చింది, మిగిలినది జన్యురూపం 2ది. పి72 ముక్క ఒక్కటే చదివినవారికి అది జన్యురూపం 1గా కనబడుతుంది, జన్యురూపం 2 నుంచి వచ్చిన దాదాపు సగం కనబడకుండానే పోతుంది. అంతకన్నా ముఖ్యం ఏమిటంటే, జన్యురూపం 2 నుంచి బలహీనపరచి తయారుచేసిన ప్రయోగ టీకా ఈ మిశ్రమ వైరస్ నుంచి పందులను కాపాడలేకపోయింది. రకం ఏదైనా పని ఒక్కటే అన్న పశువైద్యుడి మొదటి వాదం ఇక్కడ నిలవదు. చిన్న ముక్క చదివి పేరు పెట్టడం చాలునన్న పాత అలవాటూ నిలవదు.

పశువైద్యుడు: టీకా దగ్గరికి వచ్చాం కాబట్టి క్లాసికల్ స్వైన్ ఫీవర్ సంగతి చూద్దాం, ఊళ్లలో పందులను ఏళ్ల తరబడి పీడిస్తున్నది అది. టీకా వేసిన దొడ్డిలోనూ పందులు చచ్చిన సందర్భాలు ఉంటాయి. అలాంటప్పుడు వైరస్ మారిపోయిందని ఒక పత్రం వస్తుంది. అసలు కారణం చాలాసార్లు మామూలుది: కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కింది, ఐస్ డబ్బాలో ఐస్ కరిగింది, తల్లిపాల రక్షణ ఇంకా ఉన్న పిల్లలకు తొందరపడి వేశారు, తిరుగుడు పందులను పట్టలేక సగానికే వేశారు. ఈ లోపాలను కప్పిపుచ్చడానికి ఉపరకం పేరు సాకు కాకూడదు.

పరిశోధకురాలు: సాకు కాకూడదంటే చదవవలసిందే. ఈ వైరస్‌ను 2000 సంవత్సరంలో మూడు జన్యురూపాలుగా, పది ఉపరకాలుగా విభజించారు. మొదట్లో పోలికకు వాడినవి చాలా చిన్న ముక్కలు: జన్యువు ఆరంభంలో 150 క్షారాలు, ఈ2 అనే పైపొర ప్రోటీన్ జన్యువులో 190, ఎన్ఎస్5బి జన్యువులో 409. తరువాత 1,119 క్షారాల పూర్తి ఈ2 జన్యువును చదివితేనే కొమ్మలు నమ్మకంగా విడివడతాయని తేలింది. మన దేశంలో 1.1 ఎక్కువగా, 2.1, 2.2 కూడా దొరికాయి. లోకంలో విస్తారంగా వాడే సి-స్ట్రెయిన్ టీకా వైరస్ కూడా 1.1లోకే చేరుతుంది. టీకా వేసిన పందిలో 1.1 దొరికిందని రాసి ఊరుకుంటే, అది టీకాలోని బతికున్న బలహీన వైరస్సా, ఊళ్లో తిరిగే వైరస్సా అన్నది తేలదు. పూర్తి ఈ2 చదివితే తేలుతుంది. ఊళ్లోదే అయితే, టీకా చెడిపోయిందా, వేయడంలో లోపమా అని మీరు వెతకవచ్చు. టీకాదే అయితే చావుకు వేరే కారణం వెతకాలి. జన్యుక్రమం మీ ఫ్రిజ్‌ను బాగుచేయదు, కానీ తప్పు ఫ్రిజ్‌దో వైరస్‌దో విడదీసి చూపుతుంది.

పశువైద్యుడు: ఆ మేరకు అంగీకారమే. అయితే ఆ పూర్తి ఈ2 పఠనం టీకా వేసిన దొడ్డిలో చావు జరిగినప్పుడు తప్పనిసరి కావాలి, పరిశోధనా పత్రానికి నమూనాలు తక్కువైనప్పుడు కాదు.

టీకా విషయంలో ఇద్దరి మధ్య దూరం ఇంతగా తగ్గడం యాదృచ్ఛికం కాదు. మన దేశంలో ఈ వ్యాధి టీకాను దశాబ్దాలపాటు కుందేళ్లలో పెంచిన వైరస్ నుంచే తయారుచేశారు. ఒక కుందేలు నుంచి సుమారు 50 డోసులు మాత్రమే వచ్చేవి కనుక అవసరానికి ఎన్నడూ సరిపోలేదు. భారతీయ పశువైద్య పరిశోధన సంస్థ కణాలలో పెంచే కొత్త టీకాను 2020 ఫిబ్రవరిలో విడుదల చేసింది. కుందేళ్ల అవసరం లేకుండా ఎక్కువ డోసులు తయారయ్యే ఆ టీకాకు దేశీయ వైరస్‌నే మూలంగా తీసుకున్నారు. ఏ వైరస్‌ను ఎంచుకోవాలన్న నిర్ణయానికి వెనుక ఊళ్ల నుంచి వచ్చిన నమూనాల వర్గీకరణ ఉండాలి. పశువైద్యుడికి చివరకు అందే సీసాలో జన్యుక్రమ పఠనం ఆ విధంగా ముందే కలిసి ఉంటుంది.

పశువైద్యుడు: సర్కోవైరస్ రెండవ రకంలో గీతలు గీసే నియమం మరీ విచిత్రం. 1,768 క్షారాల చిన్న వృత్తాకార డీఎన్‌ఏ అది. 2018లో ప్రతిపాదించిన నియమాల ప్రకారం, పైపొర జన్యువులో భేదం 13 శాతం లోపలే ఉన్నవాటిని ఒక జన్యురూపంగా పరిగణించాలి, కొమ్మ గణాంకపరంగా దృఢంగా ఉండాలి, పైగా కనీసం 15 క్రమాలు అందుబాటులో ఉండాలి. ఏ నుంచి హెచ్ దాకా ఎనిమిది జన్యురూపాలు అలా వచ్చాయి. చదివేవారున్న దేశాల వైరస్‌కు పేరు వస్తుంది, చదవనివారి వైరస్‌కు పేరు రాదు. సంగారెడ్డి జిల్లాలో ఒక కొత్త కొమ్మ ఉన్నా, పదిహేను నమూనాలు పంపే స్థోమత లేకపోతే అది లేనట్టే కదా?

పరిశోధకురాలు: లేనట్టు కాదు, పేరు పెట్టడం వాయిదా పడినట్టు. ఒకటి రెండు క్రమాలను చూసి కొత్త రకం అని ప్రకటిస్తే, అది చదవడంలో వచ్చిన తప్పో, రెండు వైరస్‌ల ముక్కలు ప్రయోగశాలలో అతుక్కున్న కృత్రిమమో కావచ్చు. ఈ వైరస్ డీఎన్‌ఏదే అయినా ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లంత వేగంగా మారుతుంది, కనుక ఆ జాగ్రత్త ఇంకా అవసరం. అయితే మీ మాటలో న్యాయం ఉంది: ఆ నియమం నమూనాలు సమానంగా వచ్చే లోకాన్ని ఊహించుకుంది. దానికి మందు నియమాన్ని సడలించడం కాదు, ఇక్కడి నుంచి నమూనాలు పెంచడం.

పశువైద్యుడు: నియమాలు మరీ పాతవైనా కష్టమే. పందిపిల్లలకు శ్వాస ఇబ్బంది, తల్లులకు గర్భస్రావం తెచ్చే పీఆర్‌ఆర్‌ఎస్ వైరస్‌ను మూడు ఎంజైములతో కోసి, ముక్కల తీరును బట్టి 1-7-4 అనీ 1-8-4 అనీ అంకెలు ఇచ్చారు. ఒక్క క్షారం మారితే అంకె మారుతుంది. దగ్గరి బంధువులు దూరమవుతారు, దూరపువారు ఒకే అంకె కిందికి చేరతారు. 2013లో మిజోరంలో ఆ వ్యాధి మొదటిసారి మన దేశంలో కనిపించింది. అప్పటికే వంశావళి పద్ధతి వచ్చినా, అంకెల పేర్లు మాత్రం ఇంకా వాడుకలో ఉన్నాయి.

పరిశోధకురాలు: కోత అంకెల పద్ధతిని సమర్థించేందుకు ఏమీ లేదు. జన్యుక్రమం పూర్తిగా చదవడం కష్టంగా ఉన్న కాలపు అలవాటు అది.

ఇంతవరకు వాదం వైరస్ చుట్టూ తిరిగింది. పందుల చుట్టూ, వాటిని పెంచే మనుషుల చుట్టూ తిరిగినప్పుడు జన్యుక్రమ పఠనానికి ఉన్న అసలు బలం బయటపడుతుంది. దానిని పరిశోధకురాలి కన్నా ముందు పశువైద్యుడే ఎత్తిచూపడం విశేషం.

పశువైద్యుడు: ఏ జ్వరం వచ్చినా నింద పంది మీద పడుతుంది, పంది నుంచి దానిని మేపేవారి మీదికి పాకుతుంది. 2009 మేలో మన దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లోనే నిర్ధారణ అయింది, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడిలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏప్రిల్ 30 నాటికే ఆ పేరు వాడడం మానుకుంది కానీ, జనం నోటిలో స్వైన్ ఫ్లూ అలాగే ఉండిపోయింది. ఈజిప్టులోనైతే పందులన్నిటినీ చంపించారు.

పరిశోధకురాలు: ఆ నిందకు జన్యుక్రమం ఇచ్చిన జవాబు సూక్ష్మమైనది. ఇన్‌ఫ్లూయెంజా వైరస్‌లో ఎనిమిది విడి జన్యు ముక్కలు ఉంటాయి. 2009 వైరస్‌లో ఆరు ముక్కలు ఉత్తర అమెరికా పందులలో తిరిగిన మిశ్రమ వంశం నుంచీ, రెండు ముక్కలు ఐరోపా, ఆసియా పందుల వంశం నుంచీ వచ్చాయి. పుట్టుకలో పందులకు పాత్ర ఉంది. ప్రపంచమంతా పాకడంలో ఉన్నది మనుషుల పాత్ర. హైదరాబాద్‌కు అది విమానంలో వచ్చింది, ఇక్కడి పందికి ఆ ప్రయాణంలో ప్రమేయం లేదు. ఇంతకన్నా స్పష్టమైనది కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఈ ఉదంతం. పందులలో ఆ వైరస్ ఉందని తెలియగానే, కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లకు పందులే కారణమన్న అనుమానం సహజంగా వచ్చేది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు 2002లో పశ్చిమ భారతంలోని మనుషుల వైరస్‌నూ పందుల వైరస్‌నూ చదివి పోల్చినప్పుడు, మనుషులలో ఉన్నది జన్యురూపం 1, పందులలో ఉన్నది జన్యురూపం 4 అని తేలింది. రెండూ వేర్వేరు కొమ్మలు. అక్కడి కామెర్లకు తాగునీటిలో కలిసిన మురుగును చూడాలి గానీ దొడ్డిలోని పందిని కాదని ఆ గీత చెప్పింది.

పశువైద్యుడు: ఆ గీత మాత్రం నిజంగా పనిచేసిన గీత. కానీ అన్ని వేళలా పంది నిర్దోషి కాదు. మెదడువాపు వైరస్ పందిలో వృద్ధి చెంది, దోమ ద్వారా మనిషికి చేరుతుంది. అక్కడ నిందను తోసివేయడానికి వీల్లేదు.

పరిశోధకురాలు: తోసివేయనక్కరలేదు. దోషం ఉన్నచోట దోషాన్నీ, లేనిచోట నిర్దోషిత్వాన్నీ ఒకే కొలతతో చూపడమే ఈ పద్ధతి విలువ.

పశువైద్యుడు: అయితే కొలతకు కావలసిన నమూనా ఎక్కడి నుంచి వస్తుంది? చచ్చిన పంది తిల్లి ముక్కనో రక్తాన్నో తీసి, చల్లగా ఉంచి, భోపాల్ దాకా పంపాలంటే ముందు ఆ చావు సంగతి పశువైద్యశాలకు తెలియాలి. తెలియజేస్తే ఏమవుతుందో పెంపకందారుకు తెలుసు: ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అని తేలితే తన పందులతోపాటు పక్కింటివారి పందులు కూడా పోతాయి, పరిహారం ఎప్పుడు వస్తుందో ఎవరూ గట్టిగా చెప్పరు. కాబట్టి చచ్చిన పందిని రాత్రికి రాత్రే నాలాలోకో గుట్ట పక్కకో చేరుస్తారు, జబ్బు కనిపించని వాటిని తక్కువ ధరకు అమ్మేస్తారు. వంశవృక్షంలో కనిపించని కొమ్మలు అక్కడే పోతున్నాయి. వ్యాధిని ఆపే పద్ధతి ఇప్పటికే తెలుసు: ఎంగిలి మేతను 90 డిగ్రీల వేడి మీద గంటసేపు కలియబెడుతూ ఉడికించి పెట్టాలి. దానికి కట్టెలకూ గిన్నెలకూ ఖర్చు ఎవరు పెడతారన్నది జన్యురూపం కన్నా దగ్గరి ప్రశ్న.

పరిశోధకురాలు: పరిహారం ఆలస్యమైతే నమూనా రాదన్నది నిజం, నమూనా రాకపోతే ఎంత గొప్ప యంత్రమైనా ఖాళీగా కూర్చుంటుంది. అందుకే నమూనా పంపిన పెంపకందారుకు ఫలితం తెలుగులో, ఫలానా రోజులోపల అందాలనీ, వధ జరిగిన రోజునే పరిహారం లెక్క రాతపూర్వకంగా ఇవ్వాలనీ ప్రయోగశాలలు కూడా పట్టుబట్టాలి. అది పశుసంవర్ధక శాఖ పని అని పక్కన పెట్టడం సరికాదు.

పశువైద్యుడు: ఆ మాట ఉంటే నమూనాలు పంపించడం కష్టం కాదు. మరి క్రమాన్ని అంతర్జాతీయ జన్యు భాండాగారంలో పెట్టేటప్పుడు స్థలం గడిలో ఏం రాస్తారు? ఊరి పేరు రాస్తే, ఆ ఊళ్లో పందులు పెంచే రెండు మూడు ఇళ్లు ఏవో అందరికీ తెలిసిపోతుంది. మాంసం కొనేవారు మానేస్తారు, ఖాళీ చేయించాలని చూసేవారికి అదే ఆధారం అవుతుంది.

పరిశోధకురాలు: దేశం పేరూ సంవత్సరమూ మాత్రమే ఉన్న నమోదులు భాండాగారంలో చాలా ఉన్నాయి, వాటితో వ్యాధి దారిని గీయడం సాధ్యం కాదు. పటాన్‌చెరు మండలంలో దొరికినదానికీ జహీరాబాద్ రహదారి మీద దొరికినదానికీ తేడా తెలియాలి. బహిరంగ నమోదులో మండలం, నెల ఉంచి, ఊరి పేరును పశుసంవర్ధక శాఖ దగ్గరే భద్రంగా ఉంచడం ఒప్పుకోదగినది.

పశువైద్యుడు: మండలం దాకా సరే. ఎప్పుడు పెడతారు? శాఖ వచ్చి, పరిహారం ఇచ్చి, మేత మార్పించే దాకా ఆగాలి.

పరిశోధకురాలు: అది సాధ్యం కాదు డాక్టర్ గారూ. చైనాలో దొరికిన మిశ్రమ వైరస్ లాంటిది ఇక్కడ దొరికితే, పక్క రాష్ట్రాలకు అదే వారంలో తెలియాలి. ఆలస్యంగా పెట్టిన క్రమం చరిత్రకు పనికొస్తుంది గానీ వ్యాధి నివారణకు పనికిరాదు.

పశువైద్యుడు: తొందరగా పెట్టిన క్రమం పక్క రాష్ట్రాన్ని కాపాడవచ్చు, కానీ ఇక్కడి దొడ్డి తలుపు మూయిస్తుంది. తరువాతి చావు సంగతి ఎవరూ చెప్పరు. ముందు పరిహారం, తరువాత ప్రచురణ.

పరిశోధకురాలు: శాఖకు ప్రయోగశాల నుంచి ఫలితం అందిన రోజునే పరిహారం ఉత్తర్వు వెలువడితే ఆ రెండింటి మధ్య వ్యవధే ఉండదు, ఆ వ్యవధిని తగ్గించమని అడగడం మీ వంతు కూడా. అంతవరకు క్రమాన్ని ఆపి ఉంచడానికి మాత్రం అంగీకరించడం కుదరదు.

ప్రచురణ కాలం మీద ఇద్దరూ ఒక మాటకు రాలేదు. టీకా వేసిన దొడ్డిలో చావు జరిగితే పూర్తి ఈ2 జన్యువును చదవాలనీ, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనుమానం ఉన్న ప్రతి నమూనాలో పి72 ముక్కతో సరిపెట్టకుండా మొత్తం క్రమాన్ని చదవాలనీ, ఫలితం పెంపకందారుకు తెలుగులో అందాలనీ, బహిరంగ నమోదులో స్థలం మండలం వరకే ఉండాలనీ మాత్రం అంగీకరించారు.